మాటలో మాటను వెతికే ఫార్ములా: పుస్తకాల జాబితాకు వర్గ సంఖ్యలు జతచేస్తున్న పని డైరీ

మొదటి రోజు

గ్రంథాలయపు పాత రిజిస్టరును టైపు చేయించగా వచ్చిన ఎక్సెల్ షీటు నా చేతికి అందింది. అందులో 2,316 వరుసలున్నాయి. ప్రతి వరుసలో ఒకే సెల్‌లో పుస్తకం పేరు, ఉపశీర్షిక, ముద్రణ వివరం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. రెండో షీటులో 148 కీలకపదాలు, వాటి ఎదురుగా డ్యూయీ దశాంశ వర్గీకరణ (పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే గ్రంథాలయ పద్ధతి) ప్రకారం వర్గ సంఖ్యలు ఉన్నాయి: రసాయన అంటే 540, జీవ అంటే 570, వైద్య అంటే 610, పాల అంటే 637. పొడవైన ప్రతి వివరంలో ఈ కీలకపదాల్లో ఏది దాగి ఉందో కనిపెట్టి, దాని వర్గ సంఖ్యను పక్క కాలమ్‌లోకి తేవడమే నా పని.

ఈ డైరీలో ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. షీటులో వాటిని ఆయా ప్రోగ్రాము చూపే స్పెల్లింగుతోనే టైపు చేయాలి. ఏ2 అంటే పుస్తక వివరం ఉన్న సెల్. కీలకపదాల పరిధిని "కీపదాలు" అనీ, వర్గ సంఖ్యల పరిధిని "వర్గాలు" అనీ పిలుస్తాను.

అందరిలాగే నేనూ వీలుకప్‌తోనే, అంటే ఒక విలువను జాబితాలో వెతికి దాని వరుసలోని విలువను తెచ్చే ఫంక్షన్‌తోనే, మొదలుపెట్టాను. దాని చివరి ఆర్గ్యుమెంటుకు (బ్రాకెట్లలో ఇచ్చే విలువకు) ట్రూ ఇస్తే "సుమారు పోలిక" చేస్తుందన్న వివరణ చదివి, అది పాక్షిక పోలిక, అంటే మాటలో కొంత భాగం కలిసినా చాలనేది, కావచ్చునని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ట్రూ ఇచ్చినప్పుడు వీలుకప్ జాబితా ఆరోహణ క్రమంలో ఉందని నమ్మి, మనమిచ్చిన విలువకు సమానమైనదాన్ని గానీ, దానికంటే చిన్నవాటిలో పెద్దదాన్ని గానీ పట్టుకుంటుంది. మాటలో మాట ఉందా అని చూడనే చూడదు. పన్ను శ్లాబులకూ మార్కుల గ్రేడులకూ పనికొచ్చే ఆ పద్ధతి ఇక్కడ నమ్మదగినట్టు కనిపించే తప్పు జవాబులను ఇస్తుంది. పైగా ఆ ఆర్గ్యుమెంటు రాయకుండా వదిలేస్తే ప్రోగ్రాము ట్రూనే తీసుకుంటుంది. కాబట్టి ప్రతిచోటా ఫాల్స్ అని స్పష్టంగా రాయడం ఈరోజే అలవాటు చేసుకున్నాను.

రెండో రోజు

నక్షత్రపు గుర్తుతో ప్రయత్నించాను. =వీలుకప్("*"&డి2&"*",ఏ:ఏ,1,ఫాల్స్) అని రాస్తే, డి2లో ఉన్న కీలకపదం ఎక్కడో ఒకచోట ఉన్న మొదటి వివరం వస్తుంది. నక్షత్రం ఎన్ని అక్షరాలకైనా, ప్రశ్నార్థకం సరిగ్గా ఒక అక్షరానికి నిలుస్తాయి. ఆ గుర్తులనే వెతకాలంటే వాటి ముందు టిల్డే (~) పెట్టాలి. కొత్త ఎక్స్‌లుకప్‌లో అయితే ఈ గుర్తులు వాటంతట అవి పనిచేయవు, పోలిక పద్ధతి దగ్గర 2 అని ఇచ్చినప్పుడే పనిచేస్తాయి.

ఫార్ములా చక్కగా పనిచేసింది, కానీ నాకు కావలసింది అది కాదు. ఇక్కడ దిశ తలకిందులైంది. వీలుకప్ చేతిలో చిన్న మాట పెట్టి పెద్ద మాటల జాబితాలో వెతకమంటే వెతుకుతుంది. నా దగ్గర ప్రతి వరుసలో ఉన్నది పెద్ద మాట, జాబితాలో ఉన్నవి చిన్న మాటలు. పుస్తక వివరానికి రెండు వైపులా నక్షత్రాలు తగిలించి కీలకపదాల్లో వెతికితే, అంత పొడవైన వివరం ఒక చిన్న కీలకపదంలో ఇమిడి ఉందా అని అడిగినట్టవుతుంది, ప్రతి వరుసకూ దోషం తప్ప మరేమీ రాదు. పాక్షిక పోలికలో చిక్కుకున్నవారు ముందుగా కాగితం మీద రాసుకోవలసిన ప్రశ్న ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది: దేనిలో ఏది ఉండాలి? దానికి జవాబు రాసుకున్నాక సగం ఫంక్షన్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

మూడో రోజు

దిశ తేలాక దారి కనిపించింది. సెర్చ్ గానీ ఫైండ్ గానీ ఒక మాట మరో మాటలో ఎన్నో అక్షరం దగ్గర మొదలైందో చెబుతాయి, లేకపోతే #వాల్యూ! అనే దోషాన్ని ఇస్తాయి. సెర్చ్ ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా చూడదు, నక్షత్రపు గుర్తులను అర్థం చేసుకుంటుంది; ఫైండ్ అక్షరం అక్షరాన్నీ ఉన్నదున్నట్టుగా పోలుస్తుంది, గుర్తులను గుర్తులుగానే తీసుకుంటుంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు కనుకా, కొన్ని పుస్తకాల పేర్లలో ప్రశ్నార్థకాలు ఉన్నాయి కనుకా ఫైండ్‌నే ఎంచుకున్నాను.

ఒక సెల్ బదులు మొత్తం కీలకపదాల పరిధినే ఫైండ్‌కు ఇస్తే, అది 148 జవాబుల వరుసను తయారుచేస్తుంది: దొరికిన చోట సంఖ్య, దొరకని చోట దోషం. ఆ వరుసలోంచి ఒకదాన్ని ఎంచడానికి రెండు ప్రసిద్ధమైన మార్గాలున్నాయి.

=ఇండెక్స్(వర్గాలు,మ్యాచ్(ట్రూ,ఇస్‌నంబర్(ఫైండ్(కీపదాలు,ఏ2)),0))

ఇది జాబితాలో మొదట దొరికిన కీలకపదపు వర్గాన్ని ఇస్తుంది. ఎక్సెల్ పాత వెర్షన్లలో దీన్ని కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కి నమోదు చేయాలి.

=లుకప్(2^15,ఫైండ్(కీపదాలు,ఏ2),వర్గాలు)

ఇది చివర దొరికినదాన్ని ఇస్తుంది, ఆ మూడు మీటల అవసరం కూడా లేదు. 2^15 ఎందుకో తెలుసుకునేదాకా నాకు తృప్తి కలగలేదు. ఎక్సెల్‌లో ఒక సెల్‌లో పట్టే అక్షరాలు అత్యధికంగా 32,767. 2^15 అంటే 32,768. ఫైండ్ ఎన్నటికీ ఇవ్వలేని అంత పెద్ద సంఖ్యను వెతకమన్నప్పుడు, లుకప్ దోషాలను లెక్కచేయకుండా ముందుకు సాగి, చివరి సంఖ్య దగ్గర ఆగిపోతుంది. ఆరోహణ క్రమంలో ఉందనుకొని వెతికే స్వభావమే మొదటి రోజు నన్ను తప్పుదారి పట్టించగా, ఇక్కడ అదే స్వభావం పనికొచ్చింది.

రెండో ఫార్ములాను 2,316 వరుసలకూ దింపాను. దాదాపు అన్ని సెల్‌లూ నిండిపోయాయి, కానీ చాలా వరుసల్లో జవాబు సున్నా. కారణం కనుక్కోవడానికి చాలాసేపు పట్టింది. కీలకపదాల పరిధిని కొన్ని ఖాళీ వరుసలతో సహా తీసుకున్నాను, తర్వాత చేర్చబోయే పదాల కోసం. ఖాళీ మాటను వెతకమంటే ఫైండ్ 1 అని జవాబిస్తుంది, ఎందుకంటే ఏమీ లేనిది ప్రతి మాటలోనూ మొదటి స్థానంలోనే ఉన్నట్టు లెక్క. కనుక చివరి ఖాళీ సెల్ ప్రతి పుస్తకానికీ సరిపోయింది. కౌంట్‌ఇఫ్‌తో నక్షత్రాలు పెట్టి చేసినా ఇదే జరుగుతుంది. ఖాళీకి అటూ ఇటూ నక్షత్రాలు పెడితే అది అక్షరాలున్న ప్రతి సెల్‌కూ సరిపోతుంది.

నాలుగో రోజు

నిన్నటి అనుభవం తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను: జవాబు కాలమ్ కంటే ముందు లెక్క కాలమ్ ఉండాలి. ఒక్కో వివరంలో ఎన్ని కీలకపదాలు దొరికాయో చూపే సంఖ్య అది.

=సమ్‌ప్రోడక్ట్((కీపదాలు<>"")*ఇస్‌నంబర్(ఫైండ్(కీపదాలు,ఏ2)))

ఫలితం: ఏదీ దొరకనివి 412, ఒక్కటే దొరికినవి 1,377, రెండూ అంతకంటే ఎక్కువ దొరికినవి 527. ఈ మూడో సంఖ్యను చూసి ఆందోళన కలిగింది. మొదటిదాన్నో చివరిదాన్నో తెచ్చే ఏ ఫార్ములా అయినా ఈ 527 వరుసల్లోనూ ఏ సందేహమూ చూపకుండా ఒక జవాబు ఇచ్చి ఊరుకుంటుంది, అది కేవలం జాబితాలో పదాలు ఏ వరసలో ఉన్నాయన్న దానిమీద ఆధారపడి తేలిన జవాబు. దోషం చూపే సెల్ మనల్ని హెచ్చరిస్తుంది. తప్పు సంఖ్య చూపే సెల్ హెచ్చరించదు.

దొరికిన పదాలన్నిటినీ ఒకేచోట చూడటానికి ఇంకో కాలమ్ చేర్చాను: =టెక్స్ట్‌జాయిన్(", ",ట్రూ,ఇఫ్(ఇస్‌నంబర్(ఫైండ్(కీపదాలు,ఏ2)),కీపదాలు,"")). ఈ పని మొత్తంలో నాకు ఎక్కువగా నేర్పింది ఈ కాలమే.

ఐదో రోజు

ఆ కాలమ్‌ను పట్టుకుని గ్రంథపాలకురాలు గారితో కలిసి కూర్చున్నాను. ఆమె మొదటి పేజీలోనే వేలు పెట్టి, "ఇది వ్యాకరణ సంగ్రహం కదండీ, గ్రహాల్లోకి ఎలా వెళ్లింది?" అన్నారు. "సంగ్రహం"లో "గ్రహ" ఉంది. 494.827లో, అంటే తెలుగు భాష దగ్గర ఉండవలసిన పుస్తకం 523లోకి పోయింది. అలాగే విగ్రహాల పుస్తకం కూడా. "జీవరసాయన శాస్త్రం" అన్న వివరంలో "జీవ", "రసాయన", "జీవరసాయన" మూడూ దొరికాయి. సరైనది మూడోది, 572. "పశువైద్యం"లో "వైద్య" దొరికింది, కానీ పశువైద్యం ఉండవలసింది 636.089లో.

వీటికంటే ఆలోచింపజేసినవి మరో రకం. జీవిత చరిత్రలన్నీ 570లో, జీవశాస్త్రంలో చేరాయి. మన కంటికి "జీవ" వేరు, "జీవి" వేరు. వ, వి రెండూ వేర్వేరు అక్షరాలు. ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో "వి" అంటే వకారం, దాని తర్వాత గుడి గుర్తు, అంటే రెండు సంకేతాలు. అందుచేత "జీవిత" అన్న మాటలో మొదటి మూడు సంకేతాలు జ, ఈకార గుర్తు, వ. ఇవి అచ్చంగా "జీవ" అన్న మాటే. మాట పొడవును లెక్కించే లెన్ ఫంక్షన్ "శ్రీ"కి 4 అని చెప్పేది కూడా ఇందుకే: శ, పొల్లు, ర, ఈకార గుర్తు. ఇంగ్లీషు ఉదాహరణలతో పాక్షిక పోలిక నేర్చుకున్నవారికి ఈ సంగతి ఎదురుకాదు, తెలుగు జాబితాలతో పనిచేసేవారికి మొదటి రోజే ఎదురవుతుంది.

మాట తర్వాత గుణింతపు గుర్తు ఉంటే ఆ పోలికను కొట్టివేయాలని ఒక ఫార్ములా రాశాను. దొరికిన చోటు తర్వాతి సంకేతాన్ని మిడ్‌తో తీసి, యూనికోడ్ ఫంక్షన్‌కు ఇచ్చి, అది 3134కూ 3149కూ మధ్య ఉందేమో చూడటం దాని పద్ధతి. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు ఆ పరిధిలో ఉన్నాయి. వివరం చివరన ఒక ఖాళీ చేర్చకపోతే మాట చివరిలో దొరికినప్పుడు మిడ్ ఖాళీని ఇచ్చి యూనికోడ్ దోషం చూపుతుంది, కాబట్టి దాన్నీ చేర్చాను.

ఫార్ములా సరిగానే పనిచేసింది. అయినా సాయంత్రానికి తీసేశాను. అది "జీవిత"ను ఆపిన మాట నిజమే, కానీ దాంతోపాటు "నవలా సాహిత్యం"లోని నవలనూ, "కథా సంపుటి"లోని కథనూ, "వైద్యుడు"లోని వైద్యాన్నీ ఆపేసింది. పైగా ఫైండ్ మొదటిసారి కనిపించిన చోటునే చెబుతుంది గనుక, ఒకే వివరంలో ముందు "జీవితం", తర్వాత "జీవశాస్త్రం" వస్తే రెండోదాన్ని చూడనే చూడదు.

ఆరో రోజు

రాత్రి ఆలోచించగా ఒక విషయం స్పష్టమైంది. తెలుగు మాటకు మొదలు నిలకడగా ఉంటుంది, చివర మారుతూ ఉంటుంది. విభక్తులు, బహువచనాలు, సంధులు ఎక్కువగా చివరనే పనిచేస్తాయి. వైద్యం, వైద్యము, వైద్యుడు, వైద్యంలో, వైద్యులకు: అన్నిటికీ మొదలు "వైద్య". అలాంటప్పుడు చివరను కట్టడి చేయడం భాషకు ఎదురీదడమే అవుతుంది. కట్టడి చేయవలసింది మొదలును.

దానికి ఒక్క ఖాళీ చాలు. వివరానికి ముందు ఒక ఖాళీ, కీలకపదానికి ముందు ఒక ఖాళీ చేర్చి వెతికితే, మాట మొదట్లో ఉన్నప్పుడే పోలిక కుదురుతుంది:

ఫైండ్(" "&కీపదాలు," "&ఏ2)

"సంగ్రహం" గ్రహాల్లోంచి బయటపడింది, "పశువైద్యం" వైద్యంలోంచి బయటపడింది. కుండలీకరణం, హైఫన్, కోలన్ తర్వాత వచ్చే మాటలు తప్పిపోకుండా ఆ గుర్తులను ముందే సబ్‌స్టిట్యూట్‌తో ఖాళీలుగా మార్చాను.

దీనివల్ల తెలిసిన మరో మేలు: "కంప్యూటర్" అన్న కీలకపదం "కంప్యూటరు"ను పట్టలేకపోతోంది, ఎందుకంటే మొదటిది పొల్లుతో ముగుస్తుంది, రెండోదానిలో ఆ స్థానంలో ఉకారపు గుర్తు ఉంది. కీలకపదాన్ని పొల్లు తీసేసి "కంప్యూటర" అని అకారంతో ఆపితే రెండూ దొరుకుతాయి. చూడటానికి అసంపూర్ణంగా ఉన్నా జాబితాలో అదే సరైన రూపం. జీవితాన్ని జీవశాస్త్రంలో కలిపిన సంకేతాల అమరికే ఇక్కడ తోడ్పడింది. మొత్తం జాబితాను ఈ దృష్టితో తిరగరాశాను.

ఏడో రోజు

కంటికి కనిపించని సంకేతాల పని. కొన్ని వరుసల్లో కీలకపదం ఎదురుగా కనిపిస్తున్నా లెక్క కాలమ్ సున్నా అంటోంది. లెన్ పెట్టి చూస్తే "కంప్యూటర్" ఒకచోట 9, మరోచోట 10 వచ్చింది. అదనంగా ఉన్నది 8204 సంఖ్య గల సంకేతం, అక్షరాలు కలవకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు చేర్చేది; మాట చివర ఉంటే దాని ఉనికి కంటికి తెలియదు. మరికొన్ని వరుసల్లో మామూలు ఖాళీకి బదులు 160 సంఖ్య గల విడదీయరాని ఖాళీ ఉంది. ట్రిమ్ 32 సంఖ్య గల మామూలు ఖాళీలనే సవరిస్తుంది, క్లీన్ 0 నుంచి 31 వరకు ఉన్నవాటినే తీసేస్తుంది, ఈ రెండూ వాటికి అందవు.

=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(ఏ2,యూనికార్(8204),""),యూనికార్(160)," "))

దీన్ని వివరాలకూ కీలకపదాలకూ విడివిడిగా సహాయక కాలమ్‌లలో పెట్టాను. ఒకవైపే శుభ్రం చేస్తే ప్రయోజనం లేదు. అలాగే సబ్‌స్టిట్యూట్ ముందు, ట్రిమ్ తర్వాత అన్న క్రమం తప్పనిసరి. లేకపోతే 160లోంచి వచ్చిన జంట ఖాళీలు మిగిలిపోతాయి.

మరో రెండు చిన్న సంగతులు. వర్గ సంఖ్యలను సంఖ్యలుగా కాక అక్షరాలుగా ఉంచాలి, లేకపోతే 005 కాస్తా 5 అవుతుంది. ఇంకా, ఒకే వివరం రెండుసార్లు నమోదైందా అని మ్యాచ్‌తో చూడబోతే కొన్ని వరుసల్లో #వాల్యూ! వచ్చింది: వెతికే మాట 255 అక్షరాలు దాటితే మ్యాచ్ పనిచేయదు, గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్కకు వచ్చే తెలుగులో ఆ హద్దు త్వరగానే వస్తుంది.

తొమ్మిదో రోజు

ఒకటి కంటే ఎక్కువ దొరికినప్పుడు ఏది ఎంచాలి? పొడవైనదాన్ని. "పాల", "పాలన", "పాలపుంత" మూడూ ఒకే మొదలుతో ఉన్నాయి. పాలు 637, పాలన 351, పాలపుంత 523. పాలపుంత గురించిన పుస్తకానికి మొదటిదీ మూడోదీ దొరుకుతాయి, వాటిలో పొడవైనదే అసలు విషయాన్ని చెబుతుంది. మొదట కీలకపదాలను పొడవు ప్రకారం పేర్చి లుకప్ వాడదామనుకున్నాను. కానీ ఎవరైనా అడుగున కొత్త పదం చేర్చిన క్షణమే ఆ క్రమం చెడిపోతుంది. అందుకే పొడవును ఫార్ములాలోనే లెక్కించాను. లెట్ ఫంక్షన్ ఉన్న వెర్షన్లలో ఇది చదవడానికి వీలుగా ఉంటుంది:

=లెట్(పొడవులు,ఇస్‌నంబర్(ఫైండ్(" "&కీపదాలు," "&ఏ2))*లెన్(కీపదాలు),గరిష్ఠం,మ్యాక్స్(పొడవులు),ఇఫ్(గరిష్ఠం=0,"",ఇండెక్స్(వర్గాలు,మ్యాచ్(గరిష్ఠం,పొడవులు,0))))

దొరికిన పదానికి దాని పొడవు, దొరకనిదానికి సున్నా. ఖాళీ సెల్ పొడవు ఎలాగూ సున్నాయే కనుక మూడో రోజు సమస్య ఇక్కడ తనంతట తానే తొలగిపోయింది. గరిష్ఠం సున్నా అయినప్పటి షరతును మాత్రం వదలకూడదు. మొదటి ప్రతిలో నేను వదిలేశాను. ఏ పదమూ దొరకని వరుసల్లో మ్యాచ్ మొదటి సున్నాను పట్టుకుని, జాబితా తలలో ఉన్న పదపు వర్గాన్ని ఇచ్చేసింది. లెక్క కాలమ్ పక్కనే ఉండబట్టి, సున్నా ఎదురుగా వర్గ సంఖ్య కనిపించగానే తప్పు తెలిసిపోయింది.

ఈ పద్ధతి వచ్చాక "జీవిత" సమస్యకూ ఫార్ములాలో కాక జాబితాలోనే చోటు దొరికింది. "జీవిత చరిత్ర" అన్న పదాన్ని 920తో చేర్చాను. ఒట్టి "జీవిత" అన్న పదాన్ని కూడా చేర్చి, వర్గం చోట "చూడాలి" అని రాశాను. అది "జీవ" కంటే పొడవైనది కాబట్టి, జీవితం గురించిన ఏ పుస్తకమూ ఇక చడీచప్పుడు లేకుండా 570లోకి పోదు. ఇటువంటివాటిని అడ్డుపదాలని పిలుస్తున్నాను. గ్రంథపాలకురాలు గారు ఫార్ములా ముట్టుకోకుండానే ఈ జాబితాను పెంచగలరన్నది నాకు ముఖ్యం. పుస్తకాల సంగతి తెలిసినవారు వారే.

పదో రోజు

గూగుల్ షీట్స్‌లో రెగెక్స్‌మ్యాచ్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే నమూనాతో మాటను పోల్చే ఫంక్షన్) వాడితే పని తేలికవుతుందేమోనని ఒక పూట పరీక్షించాను. కీలకపదాలన్నిటినీ నిలువు గీతతో కలిపి ఒకే నమూనాగా ఇస్తే ఏదో ఒకటి ఉందో లేదో వెంటనే చెబుతుంది. కానీ అక్కడ నడిచే ఆర్‌ఈ2 ఇంజన్‌లో మాట సరిహద్దును సూచించే గుర్తు ఇంగ్లీషు అక్షరాల వరకే పనిచేస్తుంది, తెలుగు మాటల సరిహద్దు దానికి తెలియదు. పైగా "సి++" లాంటి కీలకపదంలోని కూడిక గుర్తులను అది ఆదేశాలుగా తీసుకుంటుంది. ఫైండ్‌తోనే ఉండిపోయాను. లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో తెరిచేవారికి ఒక మాట: అక్కడ నక్షత్రపు గుర్తులు పనిచేయాలా, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పనిచేయాలా అన్నది ఆప్షన్లలోని అమరికను బట్టి ఉంటుంది, కనుక ఒకే ఫైలు రెండు యంత్రాల మీద రెండు జవాబులు ఇవ్వవచ్చు. ఫైండ్‌కు ఆ బాధ లేదు.

వేగం సంగతి. ఒక్క కాలమ్‌కే 2,316ను మొదట్లో ఉన్న 148 పదాలతో గుణిస్తే 3,42,768 వెతుకులాటలు. అది యంత్రానికి బరువేమీ కాదు. కానీ ఒకసారి కీలకపదాల పరిధి బదులు మొత్తం కాలమ్‌ను ఇచ్చాను. అందులో 10,48,576 వరుసలుంటాయి, షీటు చాలాసేపు స్తంభించింది. పరిధిని టేబుల్‌గా మార్చి, పదాలు చేరినకొద్దీ తనంతట తాను పెరిగేలా చేశాను. ఖాళీ వరుసల అవసరమే లేకుండా పోయింది.

పన్నెండో రోజు

కీలకపదాలు ఇప్పుడు 171. లెక్క కాలమ్ ఇలా ఉంది: ఏదీ దొరకనివి 261, ఒక్కటే దొరికినవి 1,702, ఎక్కువ దొరికినవి 353. ఆ 353 వరుసలకూ పొడవైన పదం ఎంపికైంది, అయినా వాటిని పసుపు రంగులో ఉంచాను, ఎందుకంటే పొడవు ఒక మంచి ఊహ మాత్రమే. "రసాయన శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు" అన్న వివరానికి 920 రావడం సబబుగానే ఉంది. వైద్యం, వ్యవసాయం రెండూ సమానంగా ఉన్న పుస్తకానికి వచ్చిన జవాబు అలా కాదు.

దొరకని 261లో ఎక్కువ భాగం సమాసాలు, ఖాళీ లేకుండా రెండు మాటలు కలిపి రాసినవి. మొదలుకు కట్టడి వేయడం వల్ల తప్పిపోయినవి ఇవే. వాటి కోసం కట్టడి సడలించను. ఖాళీ లేని పాత ఫార్ములాను "సూచన" అనే వేరే కాలమ్‌లో ఉంచాను. అది వర్గాన్ని నింపదు, ఏ పదం లోపల దాగి ఉండవచ్చో మాత్రం చూపుతుంది. ఈరోజు మధ్యాహ్నం గ్రంథపాలకురాలు గారూ నేనూ ఆ కాలమ్ పట్టుకుని మొదటి 60 వరుసలు పూర్తి చేశాం. అందులో 44 వరుసలకు సూచన సరిపోయింది, 9 వరుసలకు పుస్తకాన్ని అర నుంచి తీసి చూడవలసి వచ్చింది, 7 వరుసల్లో టైపింగు తప్పులు దొరికాయి. మిగిలిన 201 వరుసలు రేపటి నుంచి.